కండక్టర్ భాయ్ కాకుండా ఇంకొకరైతే

ఉపాధ్యక్షుణ్ణి ఎంచుకునే విద్య తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో నేనొకణ్ణి. చిత్తూరులో మా రిటైరైన బస్సు డ్రైవర్ల, కండక్టర్ల, డిపో సిబ్బంది సంఘానికి ఎన్నికలు వచ్చినప్పుడు అధ్యక్షుడిగా నిలబడ్డాను. అంత జనంలోంచి ఒక్క చూపుతో నా జోడీని ఏరుకున్నాను. అతనే మా పాత కండక్టర్ భాయ్. మా సంఘంలో అధ్యక్షుడూ ఉపాధ్యక్షుడూ కలిసే నిలబడాలి. ఒకే ఓటు ఇద్దరికీ పడుతుంది. ఒకడు మునిగితే రెండోవాడూ మునగాల్సిందే.

ఆ పదవి మీద నాకంత ఆశ ఎందుకో దాచడమెందుకు? ముప్పై ఏళ్లు స్టీరింగు ముందు కూర్చున్నవాణ్ణి. హారన్ కొడితే ఊళ్లు పక్కకు జరిగేవి. దిగిన మరునాడు అదే బస్టాండులో నన్ను చూసి ఒక్కడూ జరగలేదు. మళ్లీ నలుగురు నన్ను చూసి లేచి నిలబడాలి. అంతే.

ఇక భాయ్ సంగతి. తిరుపతి నుంచి పాకాల మీదుగా చిత్తూరుకు పన్నెండేళ్లు నా బస్సులో టికెట్లు కొట్టాడు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగాలో అతనికి కాగితం అక్కర్లేదు. పాకాలలో రైలు అందుకోవాల్సినవాళ్లు కునుకు తీస్తుంటే ఊరు రాకముందే భుజం తట్టేవాడు. ఇంట్లో ఉర్దూ, బస్సులో తెలుగు, కాట్పాడి పోయేవాళ్లతో అరవం. ఏ భాషలోనూ అతను గొంతు పెంచగా నేను వినలేదు. సీటు కోసం కొట్టుకునే ఇద్దరి మధ్య ఊరికే నిలబడి టికెట్లు కొట్టుకుంటూ ఉంటే, కాసేపటికి వాళ్లే సిగ్గుపడి సర్దుకునేవారు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఒక్క చూపుతో ఏరుకున్నాననడం కొంచెం సాగదీసిన మాట. కొంచెమేమిటి, బాగానే సాగదీశాను. నేను ముందు మాట్లాడుకున్నది డిపోలో గుమాస్తాగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషితో. తిరుపతిలో ఉండే సభ్యుల ఓట్లన్నీ ఆయన గుప్పిట్లో ఉండేవి. నామినేషన్ రోజున ఆయన మనవరాలికి చెవులు కుట్టించడానికి కొండెక్కి, ఫోను ఎత్తలేదు. గడువు మూడు గంటలకు. రెండున్నరకు భాయ్ సంఘం గదిలోకి వచ్చాడు. పింఛనుదార్లు ఏటా తాము బతికున్నట్టు కాగితం ఇవ్వాలి కదా, అది నింపించుకోవడానికి. బతికున్నట్టు రుజువయ్యేలోగానే ఉపాధ్యక్ష అభ్యర్థి అయిపోయాడు. ఇవన్నీ నాకెందుకని గొణుగుతూనే సంతకం పెట్టాడు.

ప్రచారంలో ఎక్కడికి పోయినా నాది ఒకటే పాట. నా చేతిలో ఒక్క ప్రమాదం జరగలేదు, కోడిపిల్లను కూడా తొక్కలేదు అని. అవతలి అభ్యర్థి కూడా డ్రైవరే. విని విని ఒకరోజు టీ అంగడి ముందు, అందరూ ఉండగా, "అయితే కాణిపాకం వచ్చి ప్రమాణం సెయ్యప్పా" అన్నాడు. మా వైపు ఆ మాట పడిందంటే వాదన అయిపోయినట్టే. తడిబట్టలతో వినాయకుడి ఎదుట నిలబడి చెప్పాలి. పోనివాణ్ణి ఎవరూ నమ్మరు.

నేను వెంటనే సరేనన్నాను. నా దగ్గర ఒక ఉపాయం ఉంది.

నిజానికి ఒక ప్రమాదం జరిగింది. ఒక ఏడాది మా ఇద్దరినీ కార్వేటినగరం సర్వీసుకు వేశారు. బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టర్ దిగి, వెనక నిలబడి విజిల్ వేస్తేనే డ్రైవరు కదిలించాలి. ఆ రోజు భాయ్ దిగేదాకా ఆగలేదు నేను. ఒక ముసలమ్మ ఇడ్లీ బండి నుజ్జయింది. ఆమె నీళ్లకని పక్కకు పోయింది కాబట్టి బతికింది. విచారణలో భాయ్, తప్పు విజిల్ వేసింది తానేనని రాసిచ్చాడు. అతివేగానికి నాకు అప్పటికే నోటిమాటగా ఒక హెచ్చరిక పడిందనీ, రెండోది పడితే స్టీరింగు మీంచి దించేస్తారనీ అతనికి తెలుసు. శిక్ష అతని పేరున పడింది. నా సర్వీసు పుస్తకం తెల్లగా మిగిలింది.

అందుకే, "నా సర్వీసు పుస్తకంలో ఒక్క ప్రమాదమూ లేదు" అని ప్రమాణం చేద్దామనుకున్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు. ఈ తెలివి చూసి మెచ్చుకుంటాడని భాయ్‌కి చెప్పాను. అతను కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"దేవుడు సర్వీసు పుస్తకం సూస్తాడా అన్నా?" అన్నాడు. "నువ్వు ఆడికి పోయి ఆ మాట సెప్పేపనైతే, ఈడ నా పేరు కొట్టేయించుకుంటా. ఆ పొద్దు నీ తప్పు మోసినా. దీన్ని మోసేది నాకు సేతగాదు."

అతను తప్పుకుంటే జోడీ పోతుంది. జోడీ పోతే నా నామినేషనూ పోతుంది.

ఆ గుమాస్తా పెద్దమనిషి కొండెక్కకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. ఆయనైతే నా వాక్యాన్ని ఇంకా చక్కగా దిద్ది, కారు మాట్లాడి, దగ్గరుండి నన్ను కోనేట్లో ముంచేవాడు. మేం గెలిచేవాళ్లం. ఆ తర్వాత బస్సు కాణిపాకం మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాణ్ణి. భాయ్ చేసిన మేలు ఎవరికీ తెలియకుండా పోయేది. అటువంటి మనిషి నా పక్కన నిలబడడం నా అదృష్టం, నా తెలివి కాదు.

కాణిపాకం పోవడం మానుకుని, ఓట్లకు ముందు జరిగిన సభలో నేను సింహంలా లేచి జరిగింది చెప్పేశాను. సింహంలా అంటే, బల్ల వైపు చూస్తూ, నాలో నేను గొణుక్కున్నట్టు చెప్పాను. వెనక వరసలోంచి ఎవరో, "ఇనపళ్లేదప్పా, ఇంగొక తూరి సెప్పు" అన్నారు. రెండోసారీ చెప్పాల్సి వచ్చింది. సగంలో ఉండగానే తలలన్నీ భాయ్ వైపు తిరిగాయి. అతనేమో, తనకు సంబంధం లేని కథ అన్నట్టు, గ్లాసుల్లో నీళ్లు పోసి అందరికీ అందిస్తున్నాడు. కాణిపాకం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేం అనుకోనంత తేడాతో గెలిచాం.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. నా నిజాయితీకి కరుగుతుందనుకున్నాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, చాట పక్కన పెట్టింది.

"ఆయప్ప కాకుండా ఇంగొకడైతే ఏమయ్యేదని ఇన్ని కాయితాలు రాసినావు గదా. ఆయప్పను అధ్యక్షుడిగా నిలబెట్టి నువ్వు కింద నిలబడుంటే ఏమయ్యేదని ఒక్క ముక్కన్నా రాసినావా? ఆ దినం జనం ఓట్లేసింది ఆయప్పకు. నువ్వు ఆయప్ప జతన ఉండావు కాబట్టి నీకూ పడినాయి. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. నీకే ఎవురూ సెప్పలా."