కొండదారికి తాళం తీశాక

ఆవిడ గొంతు గురించి ముందు చెప్పాలి. బస్సు వెనక మెట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే, ముందు సీట్లో కునుకు తీస్తున్నవాడు ఉలిక్కిపడి టికెట్టు తీసుకునేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడది ఒకటే రూటు. బస్టాండు నుంచి మార్కెట్టు మీదుగా కొండ మొదలు దాకా. అక్కడ తారురోడ్డు అయిపోయి అడవి మొదలవుతుంది. జనం సంచులు భుజాన తగిలించుకుని చెట్ల మధ్య దారి పట్టుకుని పైనున్న మడుగుకు వెళ్ళేవాళ్ళు. బస్సు తిరిగి బయల్దేరేలోపు ఈవిడ కాసేపు కాళ్ళు చాపుకునేది. అంతే. ఊరందరినీ అడవి గుమ్మం దాకా చేర్చిన మనిషి తను మాత్రం ఆ గుమ్మం దాటలేదు. తీరిక ఏదీ?

రిటైరైన మర్నాడే దాటింది. తోడుగా ఆడపడుచును లాక్కెళ్ళింది. ఆ పిల్ల, అంటే నలభై దాటిన మనిషే, ఈవిడకు ఎప్పటికీ పిల్లే, భర్త పోయాక అన్నగారింటికొచ్చి ఉంటోంది. ఏమడిగినా ఊ, లేకపోతే ఊహూ. మూడో మాట వినడానికి ఇంటిల్లిపాదీ మొహం వాచిపోయి ఉన్నారు. రోజూ పొద్దున్నే కొండెక్కడం అలవాటయ్యాక, ఒకరోజు మడుగు గట్టు మీద కూర్చుని ఉన్నట్టుండి నవ్వింది.

“వదినా, ఆయన నన్నిక్కడికి తీసుకొస్తానని ఎన్ని కోతలు కోశాడో తెలుసా? తీరా బయల్దేరే రోజున కాలు బెణికిందని మంచమెక్కాడు. అబద్ధం! కొండెక్కాలంటే భయం మనిషికి.”

కండక్టరమ్మ నవ్వలేదు, కదల్లేదు. కదిలితే ఆ మాటలెక్కడ ఆగిపోతాయోనని భయం. ఇంటికొచ్చి మొగుడితో, “మీ చెల్లెలు ఇవాళ తిరిగొచ్చిందండీ” అంది.

అలాంటి దారికి ఒకనాటి ఉదయం ఇనుప గేటు అడ్డమొచ్చింది. గేటుకు తాళం, పక్కన కుర్చీలో వాచ్‌మన్. కొండ కింద కొత్తగా రిసార్టు కట్టిన కంపెనీ వేయించిందట. లోపలికి వాళ్ళ అతిథులకే ప్రవేశమట.

“కండక్టరమ్మా, మీరే నిలదీస్తే నేనేం చెప్పను? ఎవర్నన్నా వదిలానంటే నా పని ఊడుతుంది” అన్నాడు వాచ్‌మన్. ఆ రూటులో పాత ప్రయాణికుడే.

“నిన్నెవరన్నారయ్యా? ముందు ఆ కుర్చీ నీడలోకి జరుపుకో. ఎండ మొహాన కొడుతోంది” అని వెనక్కి తిరిగింది. తిన్నగా ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళింది.

ఆఫీసరు మర్యాదస్తుడే. “దారి ప్రభుత్వానిదేనండి, అందులో అనుమానం లేదు. కానీ గేటు తీయించాలంటే పైనుంచి మాట రావాలి” అన్నాడు.

“ఇంకా పైనుంచా? పైన కొండే కదండీ ఉంది!”

ఆయనకు నవ్వొచ్చింది గానీ పని కాలేదు. అప్పుడావిడ తనకు తెలిసిన చోటికే వెళ్ళింది. తన పాత బస్సెక్కింది. కొత్త కండక్టరు ఆవిడ దగ్గర పని నేర్చుకున్నదే, వద్దనలేకపోయింది. రోజూ రాకపోకల్లో ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ చెప్పింది. తమ్ముడు జీపు డ్రైవరు. అక్కకోసం స్టాండులో ఉన్న డ్రైవర్లందర్నీ కూడగట్టాడు. టౌన్‌హాల్లో మీటింగు పెడితే కిటికీల్లో కూడా మనుషులే.

“భద్రత కోసం వేశాం” అన్నాడు కంపెనీ మేనేజరు.

“బాబూ, అది మీ పెరడు కాదు, మా పెరడూ కాదు. ఎవరి పెరడూ కాదు కాబట్టే అందరం వెళ్తున్నాం” అంది ఆవిడ. మైకు అక్కర్లేకపోయింది.

వానలు మొదలయ్యేలోపు పైనుంచి మాట రానే వచ్చింది, గేటు తాళం ఊడింది. తమ్ముడు అక్కను జీపు బానెట్టు మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతానన్నాడు. “పడితే నడుం విరుగుతుందిరా” అని ఆవిడే ఒప్పుకోలేదు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. కంపెనీ తన అతిథుల కోసం వెడల్పు చేసిపెట్టిన దారిలో, తాళం తీయగానే నడిచేవాళ్ళకన్నా ముందు బళ్ళు దూరాయి. జీపులు, మోటారుసైకిళ్ళు, పెద్ద స్పీకర్లు. వాన తడికి మెత్తబడ్డ దారి చక్రాల కింద నలిగి, నీళ్ళతో పాటు మట్టి కూడా మడుగులోకి దిగింది. గట్టు మీద గడ్డిలో గూళ్ళు పెట్టుకునే పిట్టలు లేచిపోయాయి. కండక్టరమ్మా ఆడపడుచూ ఒక పూట మోకాళ్ళదాకా బురదలో ఈదుకుంటూ పైకెళ్ళారు. అక్కడ పగిలిన సీసాలు, వాటి మధ్య తొక్కిపారేసిన పిట్ట గుడ్లు.

“నేనిక రాను వదినా” అంది ఆడపడుచు. కిందికి దిగేదాకా మళ్ళీ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

జీపుల్లో అందరికన్నా ముందున్నది తమ్ముడి జీపే.

“ఒరే, బళ్ళు పైకి తోలకండ్రా” అంది ఆవిడ, వాడి ఇంటికెళ్ళి.

“అదేంటక్కా? అందరి అడవి అన్నావుగా! నీ మాట పట్టుకునే కదా మేమంతా వచ్చాం. నీ పని అయిపోయాక మేం పరాయివాళ్ళమయ్యామా?”

ఆ మాట ముల్లులా దిగింది. అందులో నిజముంది మరి. మింగలేక, కక్కలేక ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడింది. మొగుడు ఎలక్ట్రీషియను, మితభాషి. “గేటు తీయించడమే పెద్ద పని అనుకున్నావు, ఇప్పుడు కదా అసలు పని” అని పక్కన కూర్చున్నాడు.

మళ్ళీ మీటింగు పెట్టించింది. ఈసారి చప్పట్లు లేవు. “నిన్న తీయమంది, ఇవాళ మూయమంటోంది. ఈవిడకేమన్నా తిక్కా?” అన్నారు వెనక బెంచీల్లోంచి. తమ్ముడు లేచి, “మా అక్కే నా పొట్ట కొడుతోంది” అనేసి, తల వంచుకుని బయటికి పోయాడు. ఈసారి ఆవిడకు మైకు కావలసి వచ్చింది. అయినా చెప్పింది. కాళ్ళతో వచ్చేవాళ్ళకు దారి ఉండాలి, ఇంజన్లు కిందే ఆగాలి అని.

అప్పుడు ముందు వరసలోంచి చెప్పులు కుట్టే పెద్దాయన చెయ్యెత్తాడు. చిన్నప్పుడెప్పుడో జరిగిన ప్రమాదంలో ఆయనకు రెండు కాళ్ళూ పోయాయి. చక్రాల కుర్చీలోనే కొట్టు నడుపుకుంటాడు.

“నాకు కాళ్ళు లేవు తల్లీ. మొన్న మీ తమ్ముడు జీపులో ఎక్కించుకుంటే జీవితంలో మొదటిసారి ఆ నీళ్ళు చూశాను. నేనేం చెయ్యమంటావు?”

కండక్టరమ్మ మైకు వదిలి ఆయన కుర్చీ దగ్గరికొచ్చింది.

“నాకు తోచలేదు బాబాయ్. అసలు మీ సంగతే నా బుర్రకెక్కలేదు, తప్పే. రేపు మీ కొట్టుకొస్తాను, ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.”

వెళ్ళింది. ఆ కొట్లో, తోలు వాసన మధ్య, ఇద్దరూ కొన్నాళ్ళపాటు పోట్లాడుకున్నారు. ఒకరోజు ఆయన, “అన్ని బళ్ళూ ఎందుకు తల్లీ? నాలాంటివాళ్ళకు ఒక్కటి చాలు, అది కూడా మెల్లగా పోయేది” అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇద్దరూ ఫారెస్టు ఆఫీసుకు వెళ్ళారు. నడవలేనివాళ్ళ కోసం ఒకే ఒక్క జీపు, వారంలో కొన్ని ఉదయాలు, వానాకాలంలో బంద్. జీపు పైన ఆఖరి మలుపు దగ్గర ఆగాలి, అక్కణ్ణుంచి మడుగు దాకా కుర్చీ దొర్లేలా గట్టి బాట వేయాలి. మిగతా బళ్ళన్నీ కిందే. ఆఫీసరుగారి తల ప్రాణం తోకకొచ్చేదాకా తిరిగి ఒప్పించారు.

ఆ జీపు ఎవరు నడపాలన్న మాట వచ్చినప్పుడు, “మా తమ్ముడు” అంది ఆవిడ. వాడు వానాకాలమంతా మాట్లాడలేదు. తర్వాత కూడా చెప్పులాయన కోసమే ఒప్పుకున్నానని ఊరందరికీ చాటుకున్నాడు.

అంతా చక్కబడిందని కాదు. పొదల చాటునుంచి మోటారుసైకిళ్ళు ఎక్కించే కుర్రకారు ఇంకా ఉన్నారు. ఆవిడ కనబడితే ముఖం తిప్పుకునే డ్రైవర్లూ ఉన్నారు. పిట్టలు తిరిగి వచ్చాయో లేదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆడపడుచు మాత్రం చెప్పులాయన కుర్చీ తోయడానికి మనిషి కావాలని తెలిసి, ఎవరూ అడక్కుండానే చెప్పులేసుకుని బయల్దేరింది.

మొదటి ప్రయాణం రోజున గట్టు మీద నలుగురూ కూర్చున్నారు. ఆడపడుచు ఏదో చెబుతుంటే పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు. తమ్ముడు గ్లాసుల్లో టీ పోసి, అక్కవైపు చూడకుండా ఆయనతో అన్నాడు:

“బాబాయ్, ఆవిడకు చెప్పండి, టీ చల్లారిపోతోందని.”

“వాడికి చెప్పండి బాబాయ్, పంచదార తక్కువైందని” అంది కండక్టరమ్మ.

“ఇంకా తాగనేలేదుగా!” అన్నాడు తమ్ముడు, అక్క మొహంలోకి తిన్నగా చూసి.