మేడమ్ ఆఫీసుకు రమ్మంది

కాలేజీ చదువు మా ఇంటా వంటా లేదు. నాన్న మస్కట్‌లోని ఘాలాలో ఒక కంపెనీ గ్యారేజీకి ఫోర్‌మన్, పదో తరగతి తప్పి ఇక్కడికి వచ్చినవాడు. కాలేజీ ఎలా నడుస్తుందో ఆయనకు తెలియదు గానీ కంపెనీ ఎలా నడుస్తుందో బాగా తెలుసు. తనకు తెలిసిందే నాకూ చెప్పి పంపాడు.

“సమజ్ కాకున్నా తలూపు బిడ్డా. ఎదురడిగితే ఇంజనీర్లకు కోపమొస్తది. ఎనుక సీనియర్లనడుగు.”

మొదటి సెమిస్టర్ సగం దాకా బుద్ధిగా తలూపాను. మ్యాథ్స్ పరీక్ష తప్పాను.

రెండు రోజులకు మ్యాథ్స్ మేడమ్ మెయిల్ పంపింది, మంగళవారం పదింటికి తన ఆఫీసుకు రమ్మని. ఫోన్ నాన్నకు చూపిస్తే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ల కంపెనీలో మేనేజర్, అంటే ముదీర్, ఆఫీసుకు పిలిచాడంటే వార్నింగ్ లెటర్, లేకుంటే వీసా క్యాన్సిల్.

“ముదీర్ ఊకెనే పిలుస్తడా? నేను గూడ వస్త. నువ్వేం మాట్లాడకు” అన్నాడు. నా చదువు ఆ మంగళవారంతో సరి అనుకున్నాం ఇద్దరం.

డ్యూటీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. చంకలో నా కాగితాల ఫైలు. గది బయటే బూట్లు విప్పాడు. మేడమ్ ఒమానీ, హిందీ బాగానే వచ్చు. కూర్చోమంటే కూర్చోడు. “మాఫ్ కరో మేడమ్, ఏక్ మౌకా దేదో” అంటూ ఒక్క అవకాశం కోసం కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. నేనేం తప్పు చేశానో అడగనైనా లేదు. నాకు ఆయన మీద ఒళ్లు మండింది. సిగ్గుతో చచ్చాను కూడా.

మేడమ్ తెల్లబోయింది. పరీక్ష తప్పిన వాళ్లందరికీ అదే మెయిల్ పంపిందట. ప్రతి వారం ఆ గంట డౌట్లు అడగడానికేనట.

“ఏ చాప్టర్ అర్థం కాలేదు?” అని నన్ను అడిగింది.

“అన్నీ అర్థమయ్యాయి మేడమ్” అన్నాను. తలా ఊపాను. ఎందుకన్నానో నాకే తెలియదు, అలవాటు.

నాన్న నన్ను చూశాడు, మేడమ్‌ను చూశాడు.

“అబద్ధం మేడమ్” అన్నాడు తన హిందీలో. “దీనికేం సమజ్ కాలే. తలూపుమని నేనే నేర్పిన. తప్పు నాది.”

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. మేడమ్ కుర్చీ చూపించింది. కూర్చున్నాను.

“మొదటి చాప్టర్ నుంచే మేడమ్” అన్నాను.