సున్నం పూసిన రాళ్లు

ఎండకు కాగిన తారు మీద ఆరబోసిన వడ్ల వాసన వేరు. కల్లంలోని వడ్లకు ఆ వాసన రాదు. మొన్న అచ్చంపేట దారిలో ఒక ఊరు దాటబోతుంటే ఆ వాసన ఎదురొచ్చింది. వడ్లు ఇంకా కంటబడలేదు, మూల ఇంకా తిరగలేదు. బండి ఆపి, దిగి, తోసుకుంటూ నడిచాను. వెనక నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు "పెట్రోల్ ఒడిసిందా అన్నా?" అని నవ్వుతూ దూసుకుపోయారు. నేనూ నవ్వాను. ఒడవలేదని చెప్పాలంటే పెద్ద కథే చెప్పాలి. ఆ కథలో నేను మంచివాణ్ణి కాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నాకు ఇరవై రెండేళ్లప్పుడు, మా ఆరోగ్య కేంద్రంలో టీకాల డబ్బాలు మోసే పని దొరికింది. కాంట్రాక్టు పని. బుధవారం, శనివారం పొద్దున్నే నీలం డబ్బాలో ఐసు, మందు సీసాలు సర్ది ఊళ్లకు చేర్చాలి. ఆ ఊళ్లలో టీకాలు వేసే నర్సు సువార్తమ్మ. అందరూ సిస్టరమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, బక్కగా ఉండేది. వాళ్ల నాయిన దొర దగ్గర పాలేరుగా జీతమున్నాడు. ఆ ఇంట్లో మొదటి నౌకరి ఆమెదే. ఆమె తిరిగే ఊళ్లకు రోజుకు ఒకటే బస్సు, వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. అందుకని డబ్బాతో పాటు ఆమె కూడా నా బండి వెనకే వచ్చేది. తలకు పెద్దదైన హెల్మెట్ ఒకటి పెట్టుకొని, డబ్బా ఒళ్లో పెట్టుకొని, ఒక పక్కకు కూర్చునేది.

నా బండి గురించి కూడా చెప్పాలి. ఎర్ర బండి, కొని నెల కాలేదు. నేను వస్తున్నానని రెండు ఊళ్ల అవతలికి తెలియాలని సైలెన్సర్ మార్పించాను. మలుపులో బండిని వంచితే మోకాలు నేలకు ఆనుతుందా అన్నట్టుండేది. కడుపులో ఏదో తేలిపోయేది. ఆ సుఖం ఉత్తదని ఇప్పుడు పెద్దమనిషినై నీతులు చెప్పలేను. ఆ సుఖం నిజమే. నాకు అప్పట్లో దాన్ని మించింది ఇంకొకటి లేదు.

తొలిరోజే ఆమెకు నా ప్రతాపం చూపించాను. మూడో మలుపు దాటగానే "ఆపు బిడ్డా" అంది. ఆపాను. దిగి, డబ్బా భుజానికి తగిలించుకొని నడవడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలే మల్లేష్. నువ్వు మెల్లగ రా, నేను నడుస్త."

"ఊరు ఇంక నాలుగు కిలోమీటర్లున్నది!"

"ఉండనియ్యి. గీ డబ్బల ముప్పై మంది పిల్లలున్నరు. వాళ్లను నీ ఎనక కూసోవెట్టేంత ధైర్యం నాకు లేదు."

అరచినా బాగుండేది. ఎండలో ఆమె ముందు నడుస్తుంటే, నేను మొదటి గేరులో వెనక గునగునా పోతున్నాను. పత్తి ఏరే ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "సిస్టరమ్మ బండిని తాడు గట్టి తోల్కపోతాందే!" అని ఒకామె అంటే చేనంతా నవ్వింది. చెవులు కాలిపోయాయి. ఊరు చేరేలోపు రెండుసార్లు బతిమాలితే గానీ ఆమె మళ్లీ ఎక్కలేదు.

ఇంత చెప్పి ఆమెను భయస్తురాలు అనుకుంటే పొరపాటు. అడవి మొదలయ్యే ముందు చేల మధ్య వంపు లేని సాపు రోడ్డు ఒకటి ఉంది. కనుచూపు మేర చెట్టు లేదు, ఇల్లు లేదు. ఒకరోజు టీకాలు అయిపోయి ఖాళీ డబ్బాతో తిరిగి వస్తుంటే, ఆ రోడ్డు మీదికి రాగానే ఆమే భుజం మీద చెయ్యేసి "ఇగ తియ్యి" అంది.

"ఏం తియ్యాలమ్మా?"

"ఇన్ని దినాలు ఉరుకులాడితివి గదా. ఇప్పుడు తియ్యి. నేను పట్టుకున్న."

తీశాను. అద్దంలో చూస్తే ఆమె నవ్వుతోంది. హెల్మెట్ కింద నుంచి కొంగు ఊడి ఎగురుతోంది. చిన్నపిల్ల జాతరలో రంకులరాట్నం ఎక్కినట్టుంది ముఖం. రోడ్డు చివర మలుపు కనబడగానే భుజం మీద రెండుసార్లు తట్టింది. తగ్గించాను. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అదే గుర్తు. రెండుసార్లు తడితే తగ్గించాలి.

"గాలంటే నాకు గూడ పానమే బిడ్డా" అంది ఆ రోజు. "కండ్లకు అగుపడ్డంత రోడ్డు మనది. మూల అవతలిది మనది కాదు. ఆడ ఎవలున్నరో ఏమో, అడిగి పోవాలె."

"రోడ్డును ఎట్లడుగుతమమ్మా?"

"మెల్లగ పోతే అడిగినట్టే."

మా దిక్కు చెరువుల్లోకి కృష్ణ నీళ్లు వచ్చాక వరి పెరిగింది. వరి పెరిగింది గానీ ఆరబోసే జాగా పెరగలేదు. కోతలైతే చాలు, సగం రోడ్డు మీద వడ్లు పరుస్తారు. వాటి మీద బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. మిగిలిన సగంలోనే వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. సువార్తమ్మ వడ్లు కనబడితే బండి దిగేది. నన్నూ దింపేది. "ఒగలి అన్నం పక్క నుంచి పోతున్నం, జర మెల్లగ పోదాం" అనేది. ఎర్రమిట్ట ఊరి మూల తిరగగానే జంగయ్య అనే రెండెకరాల రైతు వడ్లు పోసేవాడు. ఆయన మనవలకు, మనవరాళ్లకు సూదులు వేసింది సువార్తమ్మే.

"జంగయ్యా, రోడ్డు నల్లగున్నది, నీ రాళ్లు నల్లగున్నయి" అంది ఆమె ఒకసారి. "మూల తిరిగినోనికి ఎట్ల కనవడ్తయి? సున్నమన్న పుయ్యి."

"రాళ్లకు సున్నమా సిస్టరమ్మా? ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వనియ్యి. నవ్వెటోడు పడకుండ పోతడు గదా."

మళ్లీ శనివారానికి ప్రతి రాయీ తెల్లగా మెరుస్తోంది. మూలకు ఇవతల ఒక కర్ర నాటి ఎర్ర గుడ్డ కూడా కట్టాడు. మమ్మల్ని చూసి ఆయన బడిలో లెక్క చూపించే పిల్లాడిలా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆమె ఒక్కో రాయి చూస్తూ నడిచి, "బాగున్నయి" అంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇదంతా నేను పక్కనే ఉండి చూశాను. అందుకే తర్వాత నేను చేసినదానికి తెలియక చేశాననే సాకు కూడా లేదు.

ఆ మరుసటి ఏడు కోతల కాలంలో, ఒక శనివారం మధ్యాహ్నం ఎర్రమిట్ట వైపు తిరిగి వస్తున్నాం. నల్ల బండి మీద నా ఈడువాడు ఒకడు మమ్మల్ని దాటి, వెనక్కి తిరిగి చూసి, నవ్వాడు. అంతే. వెనక ఆమె ఉందన్నది మర్చిపోలేదు. ఉన్నదని తెలిసే యాక్సిలేటర్ తిప్పాను. ఎర్ర గుడ్డ కనబడింది. భుజం మీద రెండుసార్లు తట్టింది. కాసేపటికి మళ్లీ రెండుసార్లు, ఈసారి గట్టిగా. తగ్గించలేదు. మూల తిరిగేసరికి ఎదురుగా ఆటో. తప్పించబోయి వడ్ల మీదికి ఎక్కాను. తారు మీది వడ్లు చక్రం కింద పూసల్లా దొర్లుతాయి, బ్రేకు పట్టదు. బండి నా కింద నుంచి జారిపోయింది.

లేచి చూస్తే నాకు మోచేతులు గీరుకుపోయాయి, అంతే. సువార్తమ్మ రాళ్ల మీద పడింది. కుడి మణికట్టు పక్కకు తిరిగి ఉంది. సూది వేసే చెయ్యి. జంగయ్య ఉరికి వచ్చి, తలపాగ విప్పి, ఆ చేతికి కట్టు కట్టాడు. జనం చేరారు. "ఏమైంది, ఏమైంది?" అని నన్నే అడిగారు. నా నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట ఇది: "గీ రాళ్లు అడ్డం పెట్టిండు. కనవడలే."

తెల్లటి రాళ్లు. వాటి మధ్యనే నిలబడి అన్నాను ఆ మాట.

ఒకసారి అన్నాక దాన్ని మోయక తప్పలేదు. దవాఖానలో డాక్టరుకు అదే చెప్పాను, విచారించడానికి వచ్చిన కానిస్టేబులుకు అదే చెప్పాను. నిజం చెబితే పని పోతుంది. భయం అదే. కానిస్టేబులు ఆ సాయంత్రమే జంగయ్యతో వడ్లు ఎత్తించాడు. సగం ఆరిన వడ్లు ఇంటి వసారాలో కుప్ప పడి, మక్కి, మొలకెత్తాయి. వడ్లు పోతే మళ్లీ పండుతాయి. ఊరు మాత్రం ఆయనకు "సిస్టరమ్మ చెయ్యి ఇరగ్గొట్టినోడు" అని పేరు పెట్టింది. తన పిల్లలకు సూదులు వేయించుకున్న ప్రతి తల్లీ ఆయన్ను చూసి ముఖం తిప్పుకుంది.

వారం తర్వాత సువార్తమ్మ ఇంటికి వెళ్లాను, అరటిపళ్లు పట్టుకొని. చేతికి పిండి కట్టు. ఎడమ చేత్తో నాకు కుర్చీ జరిపింది.

"నేను తట్టిన గదా బిడ్డా" అంది. "నీకు తెల్వలేదా?"

"తెల్వలేదమ్మా" అన్నాను.

నా ముఖం వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే ఎంత బాగుండేదో. "సరే తియ్యి. చాయ్ తాగి పో" అంది.

కట్టు విప్పాక చెయ్యి మునుపటిలా రాలేదు. సూది పట్టుకుంటే వణికేది. పిల్లల భుజాలు చూసి వెనక్కి తగ్గేది. కొన్నాళ్లకు సూదులు వేరే అమ్మాయి వేయడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన మనిషి పక్కన కూర్చొని పేర్లు రాసుకుంది, అదీ ఎడమ చేత్తో.

రెండు నెలల తర్వాత ఒకరోజు నా బండి దగ్గరికి వచ్చి నిలబడింది. అదే హెల్మెట్. "ఎర్రమిట్టకు పోదాం పా" అంది. మళ్లీ నా వెనక కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్కడ నా బండారం బయటపెడుతుందనుకున్నాను. పెట్టలేదు. జంగయ్య మంచం వాల్చి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇచ్చాడు. ఆమె మనవల సంగతులు అడిగింది. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏమన్న చెప్పొచ్చినవా బిడ్డా?" అన్నాడు జంగయ్య, మెత్తగా.

"ఏం లేదు కాకా. అమ్మను తోల్కొచ్చిన" అన్నాను.

సువార్తమ్మ లేచి చీర దులుపుకుంది. "పోదాం పా, పొద్దు పోతాంది" అంది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆమె నా బండి మీదే తిరిగింది. నేను మారాను, నిజమే. మూల ముందు తగ్గించడం, వడ్లు చూసి దిగడం, సాపు రోడ్డు మీద కాసేపు గాలి తినడం, అన్నీ ఆమె చెప్పినట్టే. బండి నడపడం వచ్చింది గానీ నోరు తెరవడం రాలేదు. రేపు చెబుదాం, పని పర్మనెంట్ అయ్యాక చెబుదాం అనుకున్నాను. మందులిచ్చే కిటికీ దగ్గర పని పర్మనెంట్ అయింది కూడా. ఇంక ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆమె రిటైరైన ఏడాదికే, బట్టలు ఆరేస్తూ కూలబడి చనిపోయింది. సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. ఆ ఏడుపు చూసి జనం నన్ను ఓదార్చారు, అది తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

పదో రోజు దాటాక ఎర్రమిట్టకు వెళ్లాను. జంగయ్య ముసలివాడైపోయాడు. మంచం మీద కూర్చొని చెప్పేశాను. తట్టిన సంగతి, తెలిసీ తగ్గించని సంగతి, రాళ్లు తెల్లగా ఉన్న సంగతి. ఆయన అంతా విన్నాడు.

"నాకెర్కనే బిడ్డా" అన్నాడు. "చేతికి కట్టున్నప్పుడే సిస్టరమ్మ ఆటోల వచ్చి చెప్పిపోయింది. ఊరోళ్ల ముంగట గూడ చెప్త అన్నది. నేనే వద్దన్న. పిల్లగాని నౌకరి పోతదంటిని. అయితే వాడే వచ్చి చెప్తడు జంగయ్యా, జర టైం వడ్తది, ఆగుదాం అన్నది."

నేను మంచం దిగి కింద కూర్చున్నాను.

"గా తర్వాత ఏటేట గీ దిక్కు వస్తే, నువ్వు బండి కాడ ఉన్నప్పుడు నన్ను పక్కకు పిలిచి అడిగేది. మల్లేష్ వచ్చి చెప్పిండా అని. నౌకరి దిగినంక గూడ ఒకపారి బస్సుల వచ్చి అడిగిపోయింది."

నాలుగేళ్లు నా వెనకే కూర్చుంది, నన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన్ను అడిగింది. ప్రతిసారీ ఆయన "ఇంక రాలేదమ్మా" అనే ఉంటాడు. ఆ జవాబు విన్నప్పుడు ఆమె ఏమందో జంగయ్యకు తెలుసు. ఆయన ఇంకా ఉన్నాడు, ఎర్రమిట్ట ఎంతో దూరం లేదు, నా దగ్గర బండి ఉంది. ఆమె ఏమందో నేను ఇప్పటిదాకా అడగలేదు.