బావగారి గడియారం, నా షార్ట్‌వేవ్ టిక్కు

మొన్న మా బావగారి, అంటే మావారి అన్నగారి, పెద్దకర్మ భోజనాల దగ్గర రాయపూర్‌లోని మన తెలుగువాళ్ళంతా విస్తళ్ళ ముందు కూర్చుని, ఆయన టైమంటే టైమే, ఆయన్ని చూసి గడియారం దిద్దుకోవచ్చు అని ఒకరిని మించి ఒకరు పొగుడుతుంటే, చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా అనుకుని పప్పూ అన్నం కలుపుకున్నాను.

నా వయసువాళ్ళకి చెబితే అర్థమవుతుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేమూ బావగారి కుటుంబమూ రైల్వే క్వార్టర్లలో ఒకే గోడకి అటూ ఇటూ ఉండేవాళ్ళం. మావారు గూడ్సు బండి గార్డు. డ్యూటీకి ఆలస్యం కాకూడదని రైల్వే ఇళ్ళలో గడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టుకోవడం మామూలే. బావగారూ తిప్పుకున్నారు, తిప్పిన సంగతి కొన్నేళ్ళకి మరిచిపోయి, తన చేతి గడియారమే లోకానికి ఆధారమని నమ్మడం మొదలుపెట్టారు. నేనేమో మా నాన్న ఇచ్చిన రేడియోలో షార్ట్‌వేవ్ మీద ఢిల్లీ టైము స్టేషన్ పట్టేదాన్ని. పాట ఉండదు, కబుర్లుండవు. సెకనుకొక టిక్కు, నిమిషం తిరగ్గానే ఒక పొడుగు కూత, మధ్యలో మోర్స్ కోడ్‌లో లండన్ లెక్కన టైము. దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మోర్స్ నాకు నేర్పింది రైల్వే టెలిగ్రాఫ్‌లో పనిచేసిన నాన్నే. ఢిల్లీతో పాటు చైనావాళ్ళ టైము స్టేషన్ టిక్కు కూడా అందినరోజు రెండూ కలిసి వడియాలు వేగినట్టు వినిపించేవి. కూరలో ఉప్పు దగ్గర నుంచి పిల్లల బడి దాకా బావగారి మాటే చెల్లే రోజుల్లో, ఆయన మార్చలేనిది ఒకటుందని వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆయనకి మాత్రం గిట్టేది కాదు. "ఏటమ్మా ఈ టిక్ టిక్, దిమాగ్ ఖరాబైపోతంది, బంద్ చెయ్యి" అనేవారు. ఒకసారి నేను తిల్దాలో మా చెల్లెలి సీమంతానికి వెళ్ళొచ్చేసరికి రేడియో లేదు. పాతసామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశానని, పీడ వదిలిందని ఆయనే నవ్వుతూ చెప్పారు. మావారు అన్నగారి మాట విని టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. పోయిన నాన్న తాలూకు నాకు మిగిలింది అదొక్కటే. నాకు ఏడుపు రాలేదు. బావగారి పరువు నలుగురిలో తియ్యకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదనుకున్నాను.

గోల్‌బజార్‌లో చిన్న రేడియో ఒకటి కొని బియ్యం డబ్బాలో దాచి, ఆయన కొడుకు పెళ్ళి దాకా ఓపిక పట్టాను. పెళ్ళికూతురు వాళ్ళు అభన్‌పూర్‌లో స్థిరపడిన మనవాళ్ళే, ముహూర్తం నిమిషం తప్పినా ఒప్పుకోని మనుషులు. పెళ్ళికొడుకు ఊరేగింపు, బరాత్, ఎప్పుడొస్తే అప్పుడే పెళ్ళనే ఈ ఊళ్ళో మన జీలకర్ర బెల్లం హడావిడి చూసి వంటవాళ్ళు నవ్వుకునేవారు. ఆ పొద్దున బావగారు చెయ్యెత్తి గడియారం చూసి, "టైమయిపోనాది పంతులుగారూ, జీలకర్ర బెల్లం ఎట్టించీండి" అన్నారు. నేను మండపం ఎక్కి ఇంకా టైముందని చెప్పి, కొంగుచాటు నుంచి రేడియో తీసి, జనరేటర్ ఆపించమన్నాను. దాని గోలలో షార్ట్‌వేవ్ పలకదు. ఫ్యాన్లు ఆగాయి. ముల్లు తిప్పుతుంటే బుసబుస తప్ప ఏమీ రాలేదు. టిక్కు దొరక్కపోతే పోయేది నా పరువే. "పాగల్ అయిపోనావేటి, దిగు" అని బావగారు అరిచారు. అంతలో దొరికింది. పెళ్ళికూతురి తాతగారు కూడా పాత టెలిగ్రాఫ్ మనిషే. చెవి రిక్కించి విని, వేళ్ళ మీద లెక్కేసి, "ఆగండి, ఇంకా తొమ్మిది నిమిషాలున్నాది" అన్నారు. పంతులుగారు చెయ్యి దించేశారు.

ఆ తొమ్మిది నిమిషాలూ హాలంతా టిక్కు వింటూ కూర్చుంది, బావగారు కండువా సర్దుకుంటూ నిలబడ్డారు. ఆ మొహం చూస్తుంటే నా కడుపు నిండిపోయింది, పెళ్ళి భోజనం కూడా అక్కర్లేకపోయింది. ఆ తరవాత మా ఇళ్ళల్లో ఆయన్నెవరూ టైమడగలేదు.

ఢిల్లీ టిక్కు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు పంతులుగారే ఫోను చూసుకుంటారు, అందరి ఫోన్లలోనూ ఒకటే టైము, ఇక పోట్లాడుకునేదేముంది? బావగారు మాత్రం ఇన్నేళ్ళూ నాతో మాట కలపలేదు. తప్పయిందమ్మా అని ఒక్క మాట అంటారేమోనని నేనూ ఇన్నేళ్ళూ చూశాను, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని కూడా చూశాను. ఆఖరిరోజున కళ్ళు తెరిచి, టైమెంతయిందని అడిగారు. నన్ను కాదు, నర్సుని.