అమావాస్య స్నాప్‌షాట్లు

ఈరోజు ఇబ్రహీంపట్నంలో ఓ ఇంజనీరింగ్ కాలేజీకి సర్వర్ బాగుచేయడానికి వెళ్లాను. రేపే ల్యాబ్ పరీక్ష. సర్వర్‌లో డిస్కు నిండిపోయి, దాని మీదే నడిచే వర్చువల్ మెషీన్లు, అంటే విద్యార్థులు వాడే ఉత్తుత్తి కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. చూస్తే, ఏదైనా చెడితే వెనక్కి పోవడానికి దాచుకునే స్నాప్‌షాట్లే డిస్కంతా.

"గిన్ని ఎందుకు తీసినవక్కా?" అని ల్యాబ్ చూసుకునే సుజాతక్కను అడిగాను.

"ఓసారి అమాసనాడే మిషిన్లు ఖరాబైనయ్. గప్పటిసంది ప్రతి అమాసకు ముందు ఒకటి తీసి పెడుతున్న."

"పాతయి తీసేస్త మరి?"

"తీసెయ్ తమ్మీ, గని ఇయ్యాల ఒద్దు. ఇయ్యాల అమాస."

నవ్వి, పాతవన్నీ డిలీట్‌కు పెట్టాను. తొంభై తొమ్మిది శాతం దగ్గర గీత కదలడం మానేసింది. అక్క గుమ్మానికి కట్టిన నిమ్మకాయ వైపు చూసింది. నిజం చెప్పొద్దూ, నేనూ చూశాను.

కాసేపటికి డిస్కు ఖాళీ అయింది. ఆ ఘనత నాదా, నిమ్మకాయదా? మీరే తేల్చండి.