విషయం చదవండి

మొన్న ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి భోజనానికి కూర్చున్నాను. రెండో ముద్దలోనే పులావులోని లవంగం పంటి కింద పటుక్కుమంది. పక్కన కూర్చున్న మా ఆడపడుచు తన పళ్ళెంలోని లవంగాలు ఒక్కొక్కటే ఏరి అంచుకి పెడుతూ, "ఉమ్మెయ్ వదినా, నోరంతా మంటెత్తిపోతుంది" అంది. నేను ఉమ్మలేదు. ఆ ఘాటు ముక్కులోకి ఎక్కేసరికి పెళ్ళిమేళం ఎక్కడో దూరంగా వినిపించసాగింది. కిర్రుకిర్రుమనే ఫ్యాన్లున్న ఒక పాత సమావేశ మందిరం, అందులో మూడో వరస చివరి కుర్చీ, ఆ కుర్చీలో బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్న షేక్ జైనబ్బీ గారు కళ్ళ ముందు నిలిచారు. కౌన్సిలర్‌గా మొదలై, మున్సిపల్ ఛైర్‌పర్సన్ అయి, ఎమ్మెల్యేగా అసెంబ్లీ దాకా వెళ్ళిన మనిషి ఆవిడ. మీలో చాలామంది ఆవిడ పేరు విని ఉండరు. నాకు మాత్రం నోట్లో మాట పెట్టిన మనిషి.

ఊరి పేరు రాయను, అడగొద్దు. డెల్టాలో, విజయవాడ నుంచి గంటంబావు బస్సు ప్రయాణం. చుట్టూ కాలవలు, వరిచేలు, మధ్యలో మా మున్సిపాలిటీ. అక్కడ కౌన్సిల్ విభాగంలో నేను గుమాస్తాగా చేసేదాన్ని. నెలకోసారి కౌన్సిల్ సమావేశం జరిగినప్పుడు నిలబడి అజెండా చదవడం నా పని. చదవడం అంటే మీరనుకునే చదవడం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మా సూపరింటెండెంట్ ఆంజనేయులు గారు నాకు పాఠం చెప్పేశారు. "చూడు పద్మా, నంబర్లు చదివితే చాలు. పన్నెండు నుంచి ముప్పై దాకా అంటావు, వాళ్ళు ఆమోదం అంటారు, అయిపోతుంది. విషయం చదివావనుకో, ప్రతివాడూ ఓ ప్రశ్న వేస్తాడు. మన భోజనాలు నాలుగింటికి!" నేను గుక్క తిప్పుకోకుండా గడగడా చదివేసేదాన్ని. ఏ కాగితంలో ఏముందో చదివే నాకే తెలిసేది కాదు. పద్మావతి నిలబడితే పావుగంటలో సభ ముగుస్తుందని పేరు వచ్చింది. ఆ పేరు చూసుకుని మురిసిపోయాను కూడా, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆ రోజుల్లోనే వచ్చిన మున్సిపల్ ఎన్నికల్లో కాలవగట్టు వార్డు ఆడవాళ్ళకి రిజర్వు అయింది. సైకిల్ షాపు మహబూబ్ గారు మంచివాడని, ఆయన భార్యకి టికెట్ ఇచ్చారు. భార్య గెలిస్తే భర్తే చక్రం తిప్పుతాడని ఊరంతా అనుకుంది, మా ఆఫీసు సంగతి చెప్పక్కర్లేదు. మొదటి సమావేశానికి ఆయన ఆవిణ్ణి దిగబెట్టడానికి వస్తే మా అటెండర్ పరిగెత్తుకెళ్ళి ఆయనకో కుర్చీ వేశాడు. జైనబ్బీ గారు ఆ కుర్చీ వంక చూసి, "ఆయనకెందుకు నాయనా కుర్చీ? షాపు తెరవాలి, వెళ్ళిపోతారు" అన్నారు. మహబూబ్ గారు నవ్వుకుంటూ నిజంగానే సైకిలెక్కి వెళ్ళిపోయారు. మేమంతా మొహాలు చూసుకున్నాం.

నేను లేచి, "ఒకటి నుంచి ఇరవై రెండు" అన్నాను. "ఆమోదం" అని నాలుగైదు గొంతులు పలికాయి. నేను ఇరవై మూడు అందుకోబోతుంటే చివరి కుర్చీలోంచి ఆవిడ లేచారు. పసుపచ్చ నూలు చీర, తల మీద నిండుగా కొంగు. "అమ్మాయ్, ఒక్క నిమిషం. విషయం చదవమ్మా" అన్నారు. సభంతా గొల్లుమంది. ఛైర్మన్ గారు మర్యాదగానే, "అజెండా కాగితాలు మీ ఇంటికి పంపించాం కదండీ" అన్నారు. "పంపించారండి, నేను నిన్నే చదువుకున్నా. ఆ వెనక బెంచీల మీద కూచున్నోళ్ళకి పంపలేదు కదండీ. వాళ్ళు పనులు మానుకుని విందామని వచ్చారు, పాపం" అన్నారావిడ. వెనక బెంచీల మీద జనం ఉంటారని నేను అప్పటిదాకా తలెత్తి చూడలేదు. సభ్యులు అడిగితే చదవాల్సిందే, అది నిబంధన. ఇరవై రెండు అంశాలూ చదివేసరికి నా గొంతు బొంగురుపోయింది. ఇంటికెళ్ళి అన్నం పెట్టుకుంటూ ఆవిణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో మా ఆయన్ని అడగండి. తర్వాత ప్రతి నెలా ఇదే తంతు. మా సెక్షన్లో ఆవిడకి 'విషయం గారు' అని పేరు పెట్టాం. పెట్టినదాన్ని నేనే.

నాలుగు నెలలు పోయాక ఒకసారి అజెండా ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ వసారాలో కుట్టు మిషన్ తొక్కుతున్నారు. టీ ఇచ్చారు. టీ తాగి ఊరుకోవచ్చుగా, నా నోరు ఊరుకోదు. "మీకేం వస్తుందండీ దీనివల్ల? అందరూ నవ్వుతున్నారు, నా గొంతు పోతోంది" అనేశాను. ఆవిడ మిషన్ ఆపి నా వంక చూశారు. కోప్పడతారనుకున్నాను.

"నాకప్పుడు పదమూడేళ్ళమ్మా. మా వీధిలో చదువొచ్చిన ఆడపిల్లని నేనొక్కదాన్నే, అదీ ఈ కాలవగట్టు గర్ల్స్ హైస్కూలు పుణ్యమాని. ఎవరికి ఉత్తరమొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఒకరోజు పక్కింటి సుబ్బమ్మ పిన్ని ఉత్తరం పట్టుకొచ్చింది, వాళ్ళ అన్నయ్య ఇబ్రహీంపట్నం నుంచి రాశాడు. నాకేమో తొక్కుడుబిళ్ళ ఆటకి టైమైపోతోంది. పైన నాలుగు లైన్లు చూసి, అందరూ బాగున్నారంట పిన్నీ, వానలు పడుతున్నాయంట అని చెప్పేసి ఆటకి పరిగెత్తా. కింద రాసి ఉంది, అమ్మకి బాగోలేదు, వెంటనే బయల్దేరి రమ్మని. వారం తర్వాత మనిషొచ్చి చెప్పేసరికి అంతా అయిపోయింది. సుబ్బమ్మ పిన్నికి వాళ్ళమ్మ ఆఖరి చూపు దక్కలేదు." ఆవిడ మిషన్ మీది గుడ్డ తీసి మడిచారు. "పిన్ని నన్నొక్క మాట అనలేదమ్మా. తిట్టినా బావుండేది. ఆ తర్వాత ఎవరి ఉత్తరమైనా 'ఇట్లు' దాకా చదివా."

నేను ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాను. వచ్చేస్తూ ఆ బుగ్గన లవంగం సంగతి కూడా అడిగేశాను. అది మమ్మల్నెవరినీ లెక్కచేయని పొగరని మేం అనుకునేవాళ్ళం మరి. ఆవిడ పకపకా నవ్వారు. "పొగరా నా మొహమా! భయమమ్మా. లేచి నిలబడగానే నోరెండిపోద్ది, నాలిక అంగిట్లో అంటుకుపోద్ది. లవంగం ఉంటే నీరూరుద్ది, మాటొస్తది" అని, కాగితంలో నాలుగు లవంగాలు చుట్టి నా చేతిలో పెట్టారు. "నీ గొంతుక్కూడా మంచిది, ఉంచుకో" అన్నారు. ఆ పొట్లం నా హ్యాండ్‌బ్యాగులో ఓ మూలకి చేరింది.

తర్వాత వచ్చిన సమావేశం రోజున ఆవిడ లేరు. మహబూబ్ గారికి విజయవాడలో కంటి ఆపరేషన్. ఆరోజు మా ఆఫీసులో అందరి మొహాలూ వెలిగిపోయాయి, నాది కూడా. ఆంజనేయులు గారు అప్పటికప్పుడు చేర్చిన ఒక అంశం కాగితం నా చేతికిచ్చి, "విషయం గారు లేరుగా, ఇవాళ ఒక్క ఊపిరిలో లాగించెయ్" అన్నారు. ఈ నాలుగు నెలల్లో నాకో జబ్బు పట్టుకుంది, చేతికొచ్చిన కాగితం చదవకుండా ఉండలేను. చదివాను. శిథిలమైన మున్సిపల్ భవనాలు ఏడు కూల్చేసి, స్థలాలు దుకాణాల కోసం లీజుకివ్వాలని ఉంది. నాలుగోది కాలవగట్టు బాలికల ఉన్నత పాఠశాల. అక్కడి పిల్లల్ని ఊరవతల స్కూల్లో కలుపుతారట. ఊరవతల అంటే హైవే దాటాలి. ఆ వీధుల్లో ఎంతమంది తల్లిదండ్రులు ఆడపిల్లల్ని హైవే దాటించి బడికి పంపుతారో నాకు తెలుసు. బడి పోతే చదువు మానిపించేస్తారు, అంతే.

"సార్, ఇందులో గర్ల్స్ హైస్కూలు ఉందండీ" అన్నాను. "ఉంటే? నువ్వు కౌన్సిలర్‌వా? నంబరు చదువు. లేకపోతే ఏ మూలకి బదిలీ అవుతావో నాకు తెలియదు" అన్నారాయన. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు. బదిలీ అయితే వాళ్ళనెవరు చూస్తారు? యాభై అంశాలు మునుపట్లా నంబర్లతో గడిచిపోయాయి. ఎవరూ అడగలేదు. యాభై ఒకటికి వచ్చేసరికి నిజంగానే నా నాలిక అంగిట్లో అంటుకుపోయింది. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి పొట్లం వెతికి ఒక లవంగం నోట్లో వేసుకున్నాను. "యాభై ఒకటో అంశం. విషయం..." అని మొదలుపెట్టాను. ఆంజనేయులు గారు నా చీర కొంగు పట్టి లాగినంత పని చేశారు. నేను ఆగలేదు. ఒక్కో భవనం పేరు, అది ఏ వీధిలో ఉందో, నిదానంగా చదివాను. నాలుగో పేరు చదవగానే, కుళాయి అర్జీ పట్టుకొచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న ఒకావిడ లేచి, "ఏందీ, పిల్లల బడి పడగొడతారా? మరి మా పిల్ల ఎక్కడ చదవాలి?" అని అరిచింది. బెంచీలన్నీ లేచాయి. ఒక కౌన్సిలర్, "అదేంటండీ, ఆ బడి నిక్షేపంలా ఉంది కదా, మా చెల్లెలి కూతురు అక్కడే చదువుతోంది" అన్నారు. ఛైర్మన్ గారు నా చేతిలోని కాగితం అడిగి తీసుకుని, "ఇందులో బడి ఉందని నాకూ తెలియదే!" అన్నారు. ఆయనా చదవలేదు. ఎవ్వరూ చదవలేదు. అంశం వచ్చే నెలకి వాయిదా పడింది.

మర్నాడు సంగతి తెలిసి జైనబ్బీ గారు తిన్నగా మా సెక్షన్‌కి వచ్చారు. పొగుడుతారని నేను లోపల్లోపల సిద్ధంగా ఉన్నాను. "ఏడూ చదివావా?" అని అడిగారు. "ఏడూ చదివానండీ." "ఒక్కటి కూడా వదల్లేదుగా?" "లేదండీ." ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి గట్టిగా నొక్కారు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నా ఉద్యోగం మొత్తానికి నాకు దక్కిన పెద్ద సన్మానం అదే.

ఆ నెలంతా ఆవిడ ఇంజినీర్‌ని వెంటబెట్టుకుని బడి చుట్టూ తిరిగారు. వెనక వరండా ఒక్కటి బీటలు వారితే బడి మొత్తాన్ని జాబితాలో ఎక్కించేశారని తేలింది. ఈలోగా ఆంజనేయులు గారు నాకు మెమో ఇచ్చారు. తర్వాతి సమావేశంలో బడిని జాబితాలోంచి తీసెయ్యాలని అందరూ ముక్తకంఠంతో అన్నారు. అయిపోయిందనుకుంటే ఆవిడ మళ్ళీ లేచారు. "ఈ అమ్మాయికేదో మెమో ఇచ్చారంట. అది కూడా విషయం చదివించండి, అందరం విందాం." ఛైర్మన్ గారు చదవమన్నారు. ఆంజనేయులు గారు చెమటలు తుడుచుకుంటూ చదివారు: "అజెండా అంశమును పూర్తిగా చదివినందులకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు రోజులలో సంజాయిషీ..." అక్కడికి వచ్చేసరికి సభ పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాపుకోలేకపోయారు. మెమో అక్కడే చిరిగింది. ఆ బడి ఇప్పటికీ ఉంది, కొత్త వరండాతో.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆవిడ ఛైర్‌పర్సన్ అయ్యారు. కుర్చీలో కూర్చుని చెప్పిన మొదటి మాట ఏమిటో మీరే చెప్పగలరు. ఎమ్మెల్యేకి పోటీ చేసినప్పుడు, ఊరూరా ఆటో దిగి తన కరపత్రం తనే మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. గెలిచారు! అసెంబ్లీలో ప్రమాణం చేస్తుంటే టీవీలో ఆవిడ ఎడమ బుగ్గ కాస్త ఉబ్బెత్తుగా కనిపించింది. మా సెక్షన్లో అది కనిపెట్టినదాన్ని నేనొక్కదాన్నే, నవ్వలేక ఏడవలేక చచ్చాను. ఆ పైసారి ఓడిపోతే పలకరించడానికి వెళ్ళాను. "ఓట్ల లెక్క రౌండ్ రౌండుకీ చదివించుకుని విన్నానమ్మా. ఓడినా విషయం తెలియాలిగా" అని నాకే టీ ఇచ్చారు.

నేను రిటైరయ్యాక విజయవాడ వచ్చేశాను. మా అపార్ట్‌మెంట్ మీటింగులో నేను లేచానంటే కుర్రకారు తలలు పట్టుకుంటారు. పట్టుకోనీ. బ్యాంకు కాగితమైనా, మందుల చీటీ అయినా చివరి లైను దాకా చదివితే గానీ నాకు ముద్ద దిగదు.

నెల కిందట ఆవిడ పోయారు. మా ఊరి కౌన్సిల్లో సంతాప తీర్మానం ఉందంటే బస్సెక్కి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. అజెండా చదివే అమ్మాయి కొత్తది, వయసులో నేనెలా ఉండేదాన్నో అలాగే ఉంది. "ఒకటో అంశం, సంతాప తీర్మానం" అంది. కుర్చీలు కిర్రుమన్నాయి, అందరూ మౌనానికి లేవబోతున్నారు. ఎవరో అలవాటుగా "ఆమోదం" అని కూడా అన్నారు. నేను రిటైరైన గుమాస్తాని, అక్కడ నోరెత్తే హక్కు నాకు లేదు. లవంగం పొద్దుట్నుంచీ బుగ్గనే ఉంది. లేచాను.

"అమ్మాయ్, ఒక్క నిమిషం. విషయం చదవమ్మా."

సభంతా వెనక్కి తిరిగింది. ఆ అమ్మాయి ఛైర్మన్ వంక చూసింది, ఆయన తలూపారు. తను కాగితం సరిగ్గా పట్టుకుని, "షేక్ జైనబ్బీ గారు, కాలవగట్టు బాలికల ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థిని..." అని మొదలుపెట్టింది. చివరిదాకా చదివింది. ఒక్క మాట కూడా వదల్లేదు.