వ్యాకరణంలో మామగారు

జిపార్‌కి రష్యన్ రాదని ఎవరైనా అంటే వాళ్ళ కళ్ళు పోతాయి. ఆరు విభక్తులూ గడగడా అప్పజెప్పేది. బల్ల మగదెందుకయిందో, పుస్తకం ఆడదెందుకయిందో ఆ రష్యన్లకే తెలియాలి. ఆమె మాత్రం తడుముకోకుండా చెప్పేది. నోటికి రానిది ఒకే ఒక్క మాట. రాకేం, వస్తుంది. పలకకూడదు, అంతే. అది మామగారి పేరు.

ఒకప్పటి సోవియట్ కొండల్లోని నారిన్ లోయలో కోడలు మామగారి పేరెత్తదు. ఆ పేరున్న మామూలు మాటా ఎత్తదు. ఆయన పేరు ఏ ఇనుమో అయితే "గట్టిది" అని సరిపెట్టుకోవచ్చు. ఖర్మ! ఈయన పుట్టేనాటికి దేశమంతా సోవియట్ ఊపులో ఉంది. తండ్రి పూనకం వచ్చినట్టు ఊగిపోయి కొడుక్కి సొయూజ్ అని పెట్టేశాడు. అంటే కూటమి, సోవియట్ యూనియన్‌లోని ఆ యూనియన్. ఆ రష్యన్లు అంతటితో ఊరుకున్నారా? వ్యాకరణంలో "కానీ", "ఎందుకంటే" లాంటి కలిపే మాటలకీ అదే పేరు తగిలించారు.

పెళ్ళయి రెండేళ్ళు. ఆ ఇంట్లో అందరూ ఆమెని "కెలిన్" అనే పిలుస్తారు, అంటే కోడలా అని. కెలిన్, టీ పొయ్యి. కెలిన్, ఆవు అరుస్తోంది. చదువు మాన్పించకపోవడం మాత్రం మామగారి పట్టుదల. ఊరి బడిలో రష్యన్ పంతులమ్మ ఉద్యోగం ఖాళీగా ఉంది. ఇంటి కోడలు ఆ కుర్చీలో కూర్చుంటే ఇక ఆయన్ని పట్టేవాళ్ళుండరు. అత్తగారు బత్మా దారి వేరు.

"ఈసారీ తప్పావంటే చదువు కట్టిపెట్టి గుర్రాలతో పాటు కొండెక్కు. గుర్రాల పాలు పితకడానికి రష్యన్ అక్కర్లేదు," అని తేల్చేసింది.

ఒకసారి తప్పిన మాట నిజమే. కాలేజీలో జోయా మార్కొవ్నా అనే మేడమ్ నోటి పరీక్షలో, "తొంభై ఒకటిలో కూలిపోయిందేమిటి?" అని అడిగింది. జిపార్, "సోవియట్... మామగారండీ," అంది. క్లాసంతా పగలబడి నవ్వింది. మేడమ్ నవ్వలేదు, ఆవిడకి ఆ అలవాటు లేదు. ఫెయిల్ చేసి పంపించింది.

ఈసారి మామగారే కారులో కాలేజీకి తీసుకొచ్చాడు. లోపలికి పంపి, తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. బల్లమీద బోర్లించిన ప్రశ్నల చీటీల్లోంచి జిపార్ ఒకటి తీసింది. చూస్తే ఏముంది, ఆ కలిపే మాటల ప్రశ్నే, అంటే మామగారే!

"ఇదేమిటో చెప్పు," అంది మేడమ్.

"రెండు వాక్యాల్ని కలిపే చిన్న మాటండీ."

"దాన్నేమంటారు?"

"కలిపేది అంటారండీ."

"పేరు! దాని పేరు!"

"అదీ... ఇంటికి పెద్దండీ."

"ఇది పరీక్షా, పొడుపు కథా? పేరు చెప్తావా, ఫెయిల్ చెయ్యనా?"

జిపార్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ బడి కావాలి తనకి. ఆ నల్లబల్ల కావాలి. "జిపార్ ఎజే!" అంటూ పేరుకి అక్కని చేర్చి పిలిచే పిల్లలు కావాలి. కానీ నాలుక కదిలితేనా!

తలుపు దడాలున తెరుచుకుంది. "సొయూజ్!"

"ఎవరక్కడ?" అంది మేడమ్.

"సొయూజ్!"

"సిగ్గులేదూ, జవాబులందిస్తున్నావా? నీ పేరేమిటని అడుగుతున్నా!"

"చెప్తున్నా కదమ్మా, సొయూజే నా పేరు! ఈ పిల్ల నా కోడలు!"

పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు. మేడమ్ దాన్ని చూసింది, చీటీని చూసింది, తల దించుకున్న పిల్లని చూసింది. ఆ పెదవులు ఎన్నడూ లేనిది కాస్త వంకర తిరిగాయి.

"ఓహో. అప్పుడు కూలిపోయింది ఈయనేనన్నమాట. అయినా సరే, మీరు చెప్తే కుదరదు. ఆ పిల్ల నోటితో అనాలి."

"అనెయ్ కెలిన్," అన్నాడు మామగారు. "ఇది మనిల్లు కాదులే. మీ అత్తకి నేను చెప్తానా?"

జిపార్ తలగుడ్డ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "సొయూజ్," అంది. ఇల్లు కూలలేదు. ఇంకోసారి అంది, గట్టిగా. ఎవరూ అడగకుండానే మూడోసారి కూడా అని, ఉదాహరణలు దండిగా చెప్పింది. పాసయింది.

తిరుగుదారిలో జిపార్ మామగారి మొహంవంక ఓరగా చూసింది.

"కోపమొచ్చిందా ఆతా?" అంది, నాన్నా అన్నట్టు.

"కోపమెందుకమ్మా? బాగానే పలికావు." గేరు మార్చి అడిగాడు, "రేపు బడిలో పిల్లలు నిన్ను కెలిన్ అనరుగా?"

"అనరు ఆతా. పేరుపెట్టి ఎజే అంటారు."

ఆయన తలూపాడు. వంతెన దాటాక కారు నెమ్మది చేశాడు. ఆమెవైపు చూడకుండా, దారివంకే చూస్తూ అన్నాడు:

"పెళ్ళినాడు చెప్పారు గానీ... ఇంతకీ నీ పేరేమిటమ్మా?"